ఆ ఇంటికి వెళ్ళి నేను క్షమాపణ అడగనా?

(ఈ శీర్షికలో జవాబులు రాసేది రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవించి, అక్కడే విశ్వాసంలోకి వచ్చి, విడుదలయ్యాక పాలకొల్లు దగ్గర టైలరింగ్ చేసుకుంటున్న ఒక సోదరుడు. ఉత్తరాలు రాసినవారి పేర్లూ ఊళ్ళూ ప్రచురించడం లేదు.)

ప్రశ్న: బాబూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మేం హిందువులం. దాళ్వాలో నీటి వంతు దగ్గర గొడవై మా పెద్దాడు ఎదురింటాయన్ని పారతో కొట్టాడు. ఆయన చనిపోయాడు. మావాడికి యావజ్జీవం పడింది, ఇది ఆరో ఏడు. కొంతకాలంగా ఏసుప్రభువుని నమ్ముకున్నానంటున్నాడు. మొన్న ములాఖత్‌కి వెళ్ళి అంతర్వేది ప్రసాదం తెచ్చాన్రా అంటే ‘నేనిప్పుడు అవి తినడం లేదమ్మా’ అన్నాడు. రావులపాలెం వచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. ఇప్పుడేమో ఉత్తరం రాశాడు: చనిపోయినాయన భార్య దగ్గరికి నేను వెళ్ళాలట, వాడు మారిపోయాడని చెప్పి వాడి తరఫున క్షమాపణ అడగాలట. మా ఆయన ‘అదంతా విడుదల కోసం నాటకం’ అంటున్నారు. ఆవిడదీ మాదీ ఒకే వీధి. ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్ళిపోతుంది. నేను వెళ్ళాలా? వాడి మాట నమ్మాలా? మీ పత్రిక కూడా వాడే పంపించాడు.

జవాబు: అమ్మా, వెళ్ళొద్దు.

ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మీవాడు చదువుతున్న బైబిల్లోనే ఫిలేమోనుకు పౌలు రాసిన ఉత్తరం ఉంది, మహా అయితే ఒకటిన్నర పేజీ. పౌలు బంధకాల్లో ఉండి రాసినది. ఒనేసిము అనే దాసుడు యజమానిని వదిలి వెళ్ళిపోయి, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. పౌలు అతన్ని మళ్ళీ ఆ యజమాని దగ్గరికే పంపిస్తూ, ఇతనివల్ల నీకు నష్టం జరిగి ఉంటే నా లెక్కలో రాసుకో, నేను తీరుస్తానన్నాడు. మాటసాయం చేశాడు, బాకీ నెత్తిన వేసుకున్నాడు. కానీ ఆ గుమ్మం ముందుకెళ్ళి నిలబడాల్సింది మాత్రం ఒనేసిమే. వాళ్ళమ్మని పంపలేదు.

మీరు వెళ్తే ఆవిడ పరిస్థితి ఏమిటో ఒక్కసారి చూడండి. మీరు పెద్దవారు, వెళ్ళగానే కన్నీళ్ళు ఆగవు. ఆవిడ మిమ్మల్ని ఓదార్చాలా, పొమ్మనాలా? క్షమించానంటే మనసులో లేని మాట అన్నట్టవుతుంది. క్షమించనంటే సాయంత్రానికల్లా వీధిలో ‘పెద్దావిడ కాళ్ళావేళ్ళా పడినా కరగలేదు’ అంటారు. భర్త పోయినామెకి ఇదొక కొత్త శిక్ష. తల తిప్పుకుని వెళ్ళిపోతోందని రాశారు. తిప్పుకోనివ్వండి. అది ఆవిడ హక్కు.

మీవాడికి ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నా బ్యారక్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, బడిపంతులుగా చేసినవాడు. సాయంత్రం లాకప్ పడ్డాక గ్రిల్ దగ్గర వెలుతురు బాగా పడేచోట కూర్చుని యాభై ఒకటో కీర్తన చదివేవాడు. దావీదు ఊరియాని చంపించిన తర్వాత చేసిన ప్రార్థన అది. ‘రక్తాపరాధమునుండి నన్ను విడిపింపుము’ అన్న చోటికి వచ్చేసరికి పేకాడేవాళ్ళు కూడా ఆపేసేవాళ్ళు. మాలో 302 కింద, అంటే హత్య కేసులో, వచ్చినవాళ్ళమే ఎక్కువ. ఆ మాట విన్న రోజుల్లో నాకూ మీవాడికి పుట్టిన తొందరే పుట్టింది. దేవుడు క్షమించాడు కదా, ఇక మనుషుల దగ్గర కూడా లెక్క తేల్చేసుకుంటే గుండె బరువు దిగిపోతుందని. పెద్దాయనతో అంటే, రెండో సమూయేలు పన్నెండో అధ్యాయం తీసి నా చేతిలో పెట్టాడు. నాతాను ప్రవక్త దావీదుతో ‘యెహోవా నీ పాపం పరిహరించాడు’ అని చెప్పిన చోటే, ఖడ్గం నీ ఇంటిని విడిచిపోదని కూడా చెప్పాడు. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. పెద్దాయన ఆ రోజు ఇంకేమీ అనలేదు, పక్క పరుచుకుని పడుకున్నాడు.

నా మనసు తేలికపడటం కోసం ఎదుటివాళ్ళు క్షమించాలనుకోవడం ఇంకో రకం దోపిడీ. ఇది గట్టిమాటే. మీవాడికి ఈ పేజీ చింపి పంపించండి, వాడు తట్టుకోగలడు.

ఇక నాటకమా కాదా అన్నది. మీవారి అనుమానంలో తప్పులేదు, కానీ ఆయనకో విషయం చెప్పండి. మతం మారినందుకు జైల్లో ఒక్కరోజు రిమిషన్ (శిక్షలో తగ్గింపు) కూడా రాదు. పనికీ ప్రవర్తనకీ వస్తుంది. బైబిల్ చదివినవాడికీ భగవద్గీత చదివినవాడికీ ఏదీ చదవనివాడికీ ఒకటే లెక్క. కాబట్టి విడుదల కోసమన్నది నిలబడదు. చిన్నచిన్న లాభాలు లేకపోలేదు. ఆదివారం కూటానికి వెళ్తే బయటి మనుషులు కనిపిస్తారు, క్రిస్మస్‌కి సబ్బూ కేకూ ఇస్తారు. నేను మొదట వెళ్ళింది కేకు కోసమే, దాచుకోవడానికేముంది.

నిజమో కాదో తెలియాలంటే వాడు ప్రభువు గురించి ఏమంటున్నాడో వినకండి. కోర్టులో తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ఊరివాళ్ళ గురించి ఏమంటున్నాడో వినండి. ‘వాళ్ళు డబ్బు తిన్నారు, ఎస్సై ఇరికించాడు, మన వకీలు సరిగ్గా వాదించలేదు’ అని ఇంకా పాడుతుంటే మార్పు పైపైనే ఉంది. సిలువ మీద దొంగల్లో ఒకడు ‘మనకైతే ఇది న్యాయమే’ అన్నాడు చూశారా, జైల్లో ఆ మాట నోట రావడం వాక్యాలు కంఠస్థం పట్టడం కంటే చాలా కష్టం. నాకు ఏళ్ళు పట్టింది.

ప్రసాదం సంగతి. అది తినాలా వద్దా అన్నది వాడి మనస్సాక్షికి సంబంధించినది, నేను తీర్పు చెప్పను. కానీ తెల్లారగట్ల లేచి, రెండు బస్సులు మారి, లైన్లో నిలబడి వచ్చిన తల్లికి ఆ కాసేపట్లో మొట్టమొదట చెప్పాల్సిన మాట అదా? కొత్తగా నమ్మినవాళ్ళకి ఇదొక జబ్బు. తమ విశ్వాసం ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగించి చూసుకుంటారు. మీరు మీ పూజలు మానేయాల్సిన పనిలేదు, వాడు మానమన్నా వినొద్దు. ఈసారి వెళ్ళినప్పుడు వాడికిష్టమైన కూర గురించో, చెల్లెలి పిల్లల గురించో మాట్లాడండి. వాడికేదైనా చెప్పాలనుంటే ముందు ‘ఆరోగ్యం ఎలా ఉందమ్మా’ అని అడగడం నేర్చుకోమనండి.

చేతనైన పనులు కొన్ని ఉన్నాయి, చప్పుడు లేకుండా చేసేవి. తీర్పు కాపీ తీయించి చదివించుకోండి. జరిమానాలో ఆ కుటుంబానికి చేరాల్సిన పరిహారం ఏదైనా రాసి ఉంటే, అది కట్టారో లేదో చూడండి. మీరు పెట్టిన ఎదురు కేసు ఏదైనా ఇంకా నడుస్తుంటే వదిలేసుకోవడం గురించి వకీలుగారితో మాట్లాడండి. ఆ బోదె దగ్గర నీటి వంతు వచ్చినప్పుడు ముందు వాళ్ళ చేనికి పారనివ్వండి, ఎవరికీ చెప్పకుండా. బాధిత కుటుంబాలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇచ్చే పథకం ఉంది. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణ వల్ల వచ్చింది. ఆవిడకి తెలియకపోతే ఊళ్ళో అంగన్‌వాడీ టీచరో ఎవరో ఒకరు చెప్పేలా చూడండి. మీ పేరు ఎక్కడా రాకూడదు. ఇక మీవాడి కూలి. 1998లో సుప్రీంకోర్టు ఖైదీల వేతనాల గురించి తీర్పిస్తూ, అందులో కొంత బాధితులకు చేరేలా రాష్ట్రాలు చట్టం చేసుకోవాలని చెప్పింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, వాడు తన కూలిలో కొంత ఆ పిల్లల పేరన పక్కన పెట్టొచ్చు. ఏదో ఒకరోజు పెద్దమనిషి ద్వారా పంపొచ్చు. వద్దంటే మారుమాట్లాడకుండా వెనక్కి తెచ్చేసుకోవాలి.

ఆవిడే ఎప్పుడైనా మీ గుమ్మంలోకి వచ్చి అడిగితే, అప్పుడు చెప్పండి. అడిగినంతవరకే.

నా చేతిలో పోయినాయన ఊరికి నేను తిరిగి వెళ్ళలేదు. మా ఇల్లు అక్కడే ఉంది. ‘దేవుడే క్షమించాక నీకు భయమేంట్రా’ అంటుంటాడు మా తమ్ముడు. భయం కాదు. ఆయన పిల్లలు రోజూ సెంటర్లో నా మొహం చూస్తూ టీ తాగాల్సిన ఖర్మ వాళ్ళకెందుకు? రేపు మీవాడు వచ్చాక ఏదో ఒక సంఘంవాళ్ళు స్టేజి ఎక్కించి మైకిచ్చి సాక్ష్యం చెప్పమంటారు. హంతకుడు మారాడంటే జనం బాగా వస్తారు. మీ ఊళ్ళో మాత్రం ఒప్పుకోవద్దని ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆ లౌడ్‌స్పీకర్ ఎదురింట్లోకి కూడా వినిపిస్తుంది.

ప్రశ్న: అన్నయ్యగారికి వందనాలు. మా ఆయన జైల్లోనే బాప్తిస్మం తీసుకున్నారు. పెరోల్ మీద వచ్చినప్పుడు మా సంఘం అయ్యగారు (పాస్టర్‌గారు) అది చెల్లదు, మళ్ళీ కాలువలో తీసుకోవాలంటున్నారు. నరసాపురంలో ఉండే మా ఆడపడుచువాళ్ళు లూథరన్లు, అసలు ముంచడమే అక్కర్లేదంటున్నారు.

జవాబు: చెల్లెమ్మా, అపొస్తలుల కార్యాలు పదహారు చదవండి. ఫిలిప్పీ చెరసాల నాయకుడు, ఇంటిల్లిపాదీ అదే రాత్రి బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళు ఎక్కడివి, ఎంత లోతు అని ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. మన డెల్టాలో ఈ పేచీ కొత్తది కాదు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో మొదలుపెట్టిన బ్రదరెన్ సహవాసాలు ముంచుతాయి. రాజమండ్రివైపు జర్మనీవాళ్ళు, తర్వాత అమెరికావాళ్ళు కట్టిన లూథరన్ సంఘాలు చిలకరిస్తాయి. ఒకే పెళ్ళిపందిట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. మీ ఆయనది చెల్లుతుంది. పెరోల్ మీద వచ్చేదే కొద్దిరోజులు, ఆ రోజులు పిల్లలతో గడపనివ్వండి.

ప్రశ్న: పద్నాలుగేళ్ళు నిండితే వదిలేస్తారని మా బాబాయి ఆశ పెట్టుకున్నాడు. మొన్న ఆగస్టు 15 విడుదల జాబితాలో పేరు లేదు. ఆ రోజునుంచి ప్రార్థన మానేశాడు. ‘ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నాను, దేవుడు వినలేదు’ అంటున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం గాయం అక్కడే ఉంది. జీవిత ఖైదు అంటే బతికినంతకాలం అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. పద్నాలుగేళ్ళన్నది 1978లో సీఆర్‌పీసీలో (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో) చేర్చిన 433ఎ సెక్షన్‌లోది. కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 475. హత్యలాంటి కేసుల్లో యావజ్జీవం పడినవాళ్ళని అన్నేళ్ళు వాస్తవంగా జైల్లో ఉండకుండా వదలకూడదని అది చెప్తుంది. అన్నేళ్ళు కాగానే వదలాలని ఎక్కడా చెప్పదు. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నర్‌కి వేరే అధికారం ఉంది. ప్రభుత్వం జీఓ ఇచ్చినప్పుడల్లా షరతులు మారుతుంటాయి. అందుకని మీ బాబాయి పేరు ఎందుకు రాలేదో కనుక్కోండి. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం హక్కు. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి, డబ్బు అడగరు.

ఇక ఆ ఉపవాసం. జనవరి 26, ఆగస్టు 15 దగ్గరపడుతుంటే లోపల టెన్షన్ మామూలుగా ఉండదు. సరిగ్గా తినరు, నిద్రపోరు. ఎవరి ఫైలు కదిలిందో, ఎవరికి పోలీసు రిపోర్టు సరిగా రాలేదో, నీళ్ళ పంపు దగ్గర అదే చర్చ. ఆ వారాల్లో ప్రార్థన కూటానికి జనం రెట్టింపవుతారు. జాబితా వచ్చాక పేరున్నవాడు ‘స్తోత్రం’ అని అరుస్తాడు. లేనివాడు దుప్పటి నిండా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. అలా తిరిగి పడుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి మీ బాబాయికి వాక్యం చెప్పడానికి తొందరపడకండి.

కొన్నాళ్ళు పోయాక అపొస్తలుల కార్యాలు పన్నెండో అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. మొదట్లోనే హేరోదు యాకోబుని కత్తితో చంపిస్తాడు. తర్వాత పేతురుని జైల్లో వేస్తాడు, దేవదూత వచ్చి సంకెళ్ళు ఊడగొట్టి బయటికి తీసుకొస్తాడు. మనవాళ్ళు ప్రసంగాల్లో పేతురు దగ్గరే మొదలుపెడతారు. యాకోబుకి కూడా అమ్మ ఉంది, అతనికోసమూ ఎవరో మోకాళ్ళూని ఉంటారు. బాప్తిస్మమిచ్చే యోహాను చెరసాల్లోంచి ‘రాబోయేవాడివి నువ్వేనా, వేరొకరికోసం చూడాలా’ అని కబురుపెట్టాడు. ప్రభువు కోప్పడలేదు, అతన్ని విడిపించనూ లేదు. ఇది నాకు పూర్తిగా మింగుడుపడిన విషయం కాదు. కానీ ఇవి రెండూ ఆ పుస్తకంలో దాచకుండా రాసి ఉన్నందుకే దాన్ని నమ్మాను. విడుదల గ్యారంటీ అని రాసి ఉంటే ఎప్పుడో అవతల పారేసేవాణ్ణి.

విడుదల కోసం ప్రార్థించడం తప్పుకాదు. అదొక్కటే ప్రార్థనగా మిగిలితే మాత్రం, విడుదలైన మర్నాడే ప్రార్థన అవసరం తీరిపోతుంది. అలా తీరిపోయినవాళ్ళు మా బ్యాచ్‌లోనే చాలామంది. లోపల కూటం నడిపించినవాడు బయటికొచ్చి నెల తిరక్కుండా తాగుడులో పడటం చూశాను. అతన్నీ తప్పుపట్టను. నారుమడిలోంచి పీకి ఊడ్చిన నారు కొన్నాళ్ళు పసుపెక్కి వాలిపోయి ఉంటుంది, వేరు పట్టాకే లేస్తుంది. ఆ రోజుల్లో పక్కన మనిషి ఉండాలి. మీ బాబాయి వచ్చే రోజుకి మీరు ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర చిన్న సంఘం. ఈ క్రిస్మస్‌కి జైలు పరిచర్యకి వెళ్ళాలని ఆశ. ఏం తీసుకెళ్ళాలి? ఏం మాట్లాడాలి?

జవాబు: ముందుగా సూపరింటెండెంట్‌గారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. ఎవరెవరు వస్తున్నారో పేర్లు, ఆధార్ కాపీలు సిద్ధంగా ఉంచుకోండి. ఫోన్లు గేటు దగ్గరే వదిలేయాలి. లోపల ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకుందామనుకునేవాళ్ళని ఇంటి దగ్గరే ఆపేయండి.

బైబిల్లోని కొత్త నిబంధన పుస్తకాలు పంచేవాళ్ళు చాలామంది వస్తారు. వాటిలో అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. నలభై దాటినవాళ్ళు ఆ పుస్తకం చేతిని చాపి దూరంగా పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, తలగడ కింద పెట్టేస్తారు. అడగడానికి మొహమాటం. అనుమతి తీసుకుని కళ్ళ డాక్టర్‌ని వెంటబెట్టుకెళ్ళండి, లేదా చదివే కళ్ళద్దాలు రకరకాల పవర్లలో తీసుకెళ్ళండి. మా పెద్దాయన కళ్ళద్దాలు విరిగితే దారం కట్టి ఏడాదిపాటు వాడాడు. పోస్టు కార్డులు, పెన్నులు అనుమతిస్తే అవీ మంచివే.

‘నువ్వేం చేసి వచ్చావు’ అని అడక్కండి. పాపం గురించి గంటసేపు చెప్పకండి, ఆ సబ్జెక్టులో అక్కడున్నవాళ్ళకి మీకంటే అనుభవం ఎక్కువ. పాటలు పాడండి. వాళ్ళ చేత పాడించండి. మీరు మాట్లాడే టైములో సగం వాళ్ళు మాట్లాడనివ్వండి. వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు, కేకు ముక్క ఇచ్చేటప్పుడు చెయ్యెత్తమనకండి.

ఒకసారి వెళ్ళి మళ్ళీ వెళ్ళకపోయేటట్టయితే అసలు వెళ్ళొద్దనే నేనంటాను. వచ్చే నెల వస్తామన్న మాట లోపలివాళ్ళు గోడమీద గీతలు గీసుకుని గుర్తుపెట్టుకుంటారు. ప్రతి నెలా కుదరకపోతే ఇంకో పనుంది. మీ మండలంలోనే జైల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళు నాలుగైదైనా ఉంటాయి. ములాఖత్‌కి వెళ్ళి రావడానికి బస్సు చార్జీలు లేక నెలల తరబడి వెళ్ళలేని భార్యలు, స్కూల్లో ‘మీ నాన్న ఎక్కడ’ అంటే దుబాయ్ అని చెప్పే పిల్లలు ఉంటారు. చనిపోయినవాళ్ళ ఇళ్ళు కూడా ఆ మండలంలోనే ఉంటాయి, వాటిని మర్చిపోకండి. జైలు అనుమతి రావడానికి టైము పడుతుంది. ఈ ఇళ్ళకి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బయల్దేరొచ్చు.